మొక్కు లేని కోక

జనవరి 17, శుక్రవారం

"గుంపులో ఒక మూల కనబడతారు, అంతే" అంది అపూర్వ. నిరుడు కెమెరా పట్టుకుని మా కుర్రు మీద దిగినప్పుడు అన్న మాట అది. ఇవాళ ఆ డాక్యుమెంటరీ ట్రైలర్ చూశాను. గుంపు లేదు, మూలా లేదు. తెరంతా నేనే. పసుపుపచ్చ చీర, నెత్తిన బోనం, వెనక గోదావరి. పైగా కెమెరా కేసి తిరిగి, నవ్వుతూ, "మై హర్ సాల్ ఇధర్ ఆతీ హూఁ" అంటున్నాను. ఏటేటా ఇక్కడికి వస్తానని, హిందీలో ఆడవాళ్లు అనే తీరులో. ఎవరైనా అడిగారా నన్ను? నోరు ఊరుకోదు.

చూపించింది తిరుమల్. నా గదిలోనే, నా మంచం మీద కూర్చుని, కోడికూర అంటిన వేలితో ఫోన్ జరుపుతూ.

"అరే జలంధర్, గీ చీర కట్టినోడు నువ్వే గదా? ట్రాన్స్‌జెండర్ల జాతరని రాసిన్రు. గిండ్ల నువ్వేందిరా?"

గదిలో మిగతా ఇద్దరు, బీహారు అబ్బాయి, నేపాల్ అతను, మెడలు చాచి చూశారు. దోహా ఉమ్ ఘువైలినాలో మా గది ఎంతని? దాక్కోవడానికి బాత్రూమ్ తప్ప చోటు లేదు. చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది.

"మొక్కురా" అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. తిరుమల్‌ది మెట్‌పల్లి దిక్కు, చిన్నప్పుడు ఒకసారి మా జాతరకు వచ్చాడు. మిగతాదంతా వాడే అందుకున్నాడు. గోదావరి నడుమ దీవి మీద ఊరు మాది, దాన్నే కుర్రు అంటారని చెప్పాడు. నీళ్లు దాటి క్షేమంగా తిరిగొచ్చిన, లేదా ఏదైనా గండం గడిచిన మగవాడు మాఘ పున్నమి నాడు చీర కట్టి గంగమ్మకు బోనం ఎత్తుతాడని, ఒడ్డున కుర్రు గుడికి పోయే పడవ ఎక్కే ముందు "ఏం మొక్కు?" అని అడుగుతారని, మొక్కు చెప్పి ఎక్కాలని, పొద్దు గూకగానే చీర విప్పి గోదావరిలో వదలాలని చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే నాకే నమ్మబుద్ధయింది.

"మరి ఆతీ హూఁ ఏంటి?" అని బీహారు అబ్బాయి పడి పడి నవ్వాడు. తెలుగువాడు హిందీ మాట్లాడితే మొగుడు పెళ్లామవుతాడు, పెళ్లాం మొగుడవుతుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఒళ్లు మండేది దానికే. నేనెందుకు నవ్వాను?

జనవరి 18, శనివారం

తెలుగులో ఈ బాధ లేదు. వస్తాను, పోతాను, తింటాను. చెప్పేది ఆడో మగో ఎవరికీ తెలియదు. అమ్మ భాష ఇన్నేళ్లు నన్ను కొంగు చాటున దాచింది. హిందీలో అడుగు పెట్టగానే ప్రతి మాటా తోక పట్టుకుని నిలదీస్తుంది, తా నా, తీ నా అని.

అబద్ధం. తెలుగులోనూ ఒక గుంట ఉంది. పోయేవాణ్ణి అనాలి, లేకపోతే పోయేదాన్ని అనాలి. ఆ మాట వచ్చే చోట చుట్టు తిరిగి ఇంకో దారిన పోతాను. మాటల్లోనే కాదు, ఎవరూ చూడని ఈ కాగితం మీద కూడా. ఎంత పిరికితనం!

ఇవాళ వెస్ట్ బేలో ఒక హోటల్ ఏసీ పని. మా సూపర్‌వైజర్ మతీన్ భాయ్ నిజామాబాద్ ఆయన. తెలుగు నాకంటే బాగా మాట్లాడతాడు గానీ డ్యూటీలో నాలుగు దేశాల వాళ్లం కాబట్టి అందరికీ కలిపి హిందీయే. పైన డక్ట్‌లోకి ఎవరు పోతారంటే "మై జాతీ హూఁ" అన్నాను. జారిందా, జార్చానా? ఏమో. అలా జారడమే ఇక్కడ నాకు దొరికే సుఖం.

"జాతా బోల్ రే, జాతా" అని ఎప్పటిలాగే దిద్దాడు. ఆ తర్వాత తెలుగులో, "ఎన్నేండ్లాయె వచ్చి? నీ హిందీకి ఇంక మీసాలే రాలే" అన్నాడు.

డక్ట్‌లోకి పోయాక ఏడ్చానని రాయను. చెమట.

జనవరి 20, సోమవారం

తిడదామని అపూర్వకు ఫోన్ చేశాను.

"సుహాసిని గారూ!" అంది ఎత్తగానే.

ఆ "గారు" దగ్గరే పడిపోతాను. నిరుడూ అక్కడే పడ్డాను. ఆ పేరు నాలాగే పుట్టి ఏడాదంతా చీరలోనే బతికే గంగామణక్క పెట్టింది, గంగామణక్క ఒక్కతే పిలుస్తుంది. దానికి గారు తగిలించింది లోకంలో ఈ పిల్ల తప్ప ఇంకెవరూ లేరు. గారు అన్నందుకు అడిగిందీ అడగనిదీ అంతా వాగేశాను.

"నన్ను తీసెయ్యి."

"ట్రైలర్ ఇవాళే తీసేస్తానండీ. అది నా తప్పే. కానీ సినిమాలో మీరు లేకపోతే గంగామణి గారు ఒక్కరే మిగులుతారు. ఊళ్లో అలాంటి మనిషి ఆమె ఒక్కరే అనుకుంటారు అందరూ."

"ఇక్కడ తెలిస్తే నా గతేందో ఎరుకనా నీకు?"

అపూర్వకు ఎరుక లేదు. హైదరాబాద్‌లో కూర్చుంటే ఏం తెలుస్తుంది? కిందటేడు ఇంకో కంపెనీలో ఒకడి ఫోన్‌లో ఇలాంటి వీడియో బయటపడింది. మర్నాడు వాడి మంచం ఖాళీ. ఎటు పోయాడని గదిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే వీళ్లకేం సంబంధమని అడుగుతారేమోనని భయం.

"సినిమా ఎట్లొచ్చింది?" అని మళ్లీ సిగ్గు లేకుండా నేనే అడిగాను.

"చాలా కలర్‌ఫుల్‌గా వచ్చిందండీ. డప్పులు, పసుపు, నీళ్ల మీద డ్రోన్ షాట్లు. పెద్ద సెలబ్రేషన్‌లా ఉంటుంది."

సెలబ్రేషన్! జాతర నాడు గంగామణక్క కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. మర్నాడు ఆమె చేపల గంప పట్టుకుని ఇవతలి రేవులో నిలబడితే పడవవాళ్లు మొహం తిప్పుకుని పోతారు. ఊళ్లో చోటివ్వలేదనే కదా ఇవతలి ఒడ్డున రేకుల షెడ్డులో ఉండేది. అది తీశావా తల్లీ? ఆ మర్నాడు నీ కెమెరాకు చార్జింగ్ అయిపోయిందా?

జనవరి 21

ట్రైలర్ తీసేసింది. తీసేస్తే ఏం లాభం, తిరుమల్ ఫోన్‌లో దిగి ఉంది. ఎవరెవరికి పంపాడో వాడికే గుర్తు లేదట.

జనవరి 24, శుక్రవారం

రత్నాకర్ అన్న ఫోన్ చేశాడు. మా పెదనాయన కొడుకు. రేవులో పడవలు వాళ్లవే, ఈ ఏడు జాతర కమిటీ కూడా అన్నదే.

"ఏందిరా గీ లొల్లి? కుర్రు మీదోళ్లందరు గసుంటోళ్లే అన్నట్టు సినిమా దీసిన్రు. మన పోరగాండ్లకు పిల్లనెవడిస్తడు?"

"నేనేం జేసిన అన్నా?"

"నువ్వేం జెయ్యలే. గందుకే జెప్తున్న. మన ఊరి గ్రూపుల నీ నోటితోని ఒక్క మాట వెట్టు. నేను మొగోన్ని, గది మొక్కు, అని. మొక్కు లేనోళ్లు కోక కట్టుడు మన ఆచారం గాదు, అని."

"ఆఖరిది ఎందుకన్నా?"

"వెట్టరాదురా. మనోళ్లు దోహల శానమంది ఉన్నరు, అందరింటరు. నీకే మంచిది."

పెట్టాను. మొదటిసారి గొంతు సన్నగా వచ్చిందని చెరిపేశాను. గొంతు లావు చేసుకుని మళ్లీ చెప్పాను. విని చూసుకుంటే మా నాయన మాట్లాడినట్టుంది, ఆయన తాగి వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పటి గొంతు. అందరూ బొటనవేళ్లు పెట్టారు. సాయంత్రానికి అది తిరుమల్ దాకా వచ్చింది. "మస్తు జెప్పినవ్‌రా" అని వీపు చరిచాడు.

ఇందులో గంగామణక్కకు సంబంధం ఏమీ లేదు. నా తల నేను కాపాడుకున్నాను, అంతే.

జనవరి 25

గంగామణక్కకు సంబంధం లేదు.

జనవరి 29, బుధవారం

గ్రూపులో కమిటీ కట్టడి వచ్చింది. మొక్కు చెప్పనివాళ్లను కోకతో పడవ ఎక్కనియ్యరట. ఎవరూ తప్పు పట్టకుండా దాని కిందే నా వాయిస్ మళ్లీ పెట్టారు.

రేవులో ఇన్నేళ్లూ అడిగింది పెదనాయన. "ఏం మొక్కు?" అంటే గంగామణక్క "మొక్కు లేదు, నేనే" అంటుంది. ఆయన చెయ్యి అందించి పడవలోకి లాగుతాడు. ఏటా అదే మాట, అదే చెయ్యి. ఇప్పుడు ఆయనకు మోకాళ్లు పోయాయి. అడిగేది రత్నాకర్ అన్న.

నేను మాత్రం ఏటా ఒకటి అల్లాను. వీసా వచ్చిందన్నాను. జ్వరం తగ్గిందన్నాను. ఒక ఏడు ఏమీ తోచక విమానం ఊగిందన్నాను. "నీకు గండాలు ఎక్కువరా" అని పెదనాయన నవ్వాడు. పొద్దు గూకగానే చీర విప్పి నీళ్లలో వదిలి, ప్యాంటు వేసుకుని, మగవాళ్ల వరసలో కూర్చుని కల్లు తాగాను. నా చీరలన్నీ గోదావరే కట్టుకుంది.

ఈ ఏడు సెలవు దొరకలేదు. మంచిదే అయింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

గంగామణక్క ఫోన్.

"ఏమే సుహాసినీ, గొంతు గంత లావైంది? సర్ది జేసిందా?"

బాత్రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకున్నాను.

"అక్కా, నాకీడ భయమైంది."

"ఎరుకే. నీకాడ భయం. నాకీడ లేదానే? నువ్వు కోక ఇప్పి గంగల ఇడిసి గల్ఫ్ పోతవు. నేనేం ఇప్పాలె? తోలు ఇప్పాల్నా?"

"ఒక్క మాట జెప్పరాదే అక్కా. ఏదో ఒక మొక్కు. పాణం బాగైందను. ఎక్కనిస్తరు."

"అమ్మ కాడికి అబద్ధమాడుకుంట పోవాల్నా? ఏడాదంత పడవ ఆపకుంటే ఊకున్న. గా ఒక్కదినం గంగమ్మ ముంగట నేను నేను లెక్క నిలవడ్త. గది గూడ మొక్కే అంటే ఇగ నేనెవ్వరినే?"

పెట్టేసింది.

మొండిది. ఎప్పుడూ ఇంతే. ఒక్క అబద్ధం చెబితే అరిగిపోతుందా? నేను చెప్పలేదా? నాకేం పోయింది?

ఫిబ్రవరి 3

నాకేం పోయింది, అని రాసింది నేనే. సిగ్గుండాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

గదికి కొత్తగా ఒకడు వచ్చాడు. వాడికి తిరుమల్ వీడియో చూపించాడు. చూపించి ఊరుకోలేదు, లుంగీ తెచ్చి నా భుజం మీద పమిటలా వేసి, "ఒకపారి నడిసి సూపియ్యిరా, మొక్కు ఎట్ల నడుస్తదో" అన్నాడు. బీహారు అబ్బాయి పళ్లెం మీద దరువు వేశాడు.

లుంగీ తీసి తిరుమల్ మొహాన కొట్టాను. పళ్లెం లాక్కుని గోడకు విసిరాను.

"మొక్కే గదరా" అన్నాడు తిరుమల్, నిజంగానే అర్థం కాక. "గింత గరమైతవేంది?"

వాడి మీద కోపం లేదు. వాడు నేను చెప్పిందే నమ్మాడు. రత్నాకర్ అన్న నేను చెప్పిందే నలుగురికీ వినిపించాడు. అపూర్వ నేను నవ్విందే చూపించింది. అందరూ నా దగ్గర తీసుకుని నాకే వడ్డిస్తున్నారు. గంగామణక్క ఒక్కతే నా దగ్గర ఏమీ తీసుకోలేదు. పోయేది మాత్రం ఆమెది.

అన్నం మెతుకులు నేనే ఎత్తాను.

ఫిబ్రవరి 10

పాణం బాగైందని చెప్పు అక్కా. బతిమాలుతూ మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం, మాఘ పున్నమి

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే దోహాకు దూరంగా ఉన్న అల్ రువైస్ పంపారు, నన్నూ మతీన్ భాయ్‌నీ. రేవు దగ్గర చేపల కోల్డ్ స్టోర్‌లో కంప్రెసర్ ఆగిపోయింది. పని తొందరగానే అయింది. బయట మతీన్ భాయ్ కరక్ చాయ్ తెచ్చి ఇచ్చాడు. పడవల్లోంచి చేపలు దింపుతున్నారు. అది గంగామణక్క గంప వాసన. ఫోన్ తీశాను. తీయకూడదనుకుని తీశాను.

కుర్రు పోరగాళ్లు రేవు నుంచి గ్రూపులో లైవ్ పెట్టారు. చీరలు కట్టిన మగవాళ్లు వరసగా పడవ ఎక్కుతున్నారు.

"ఏం మొక్కు?"

"సౌదీకెళ్లి సల్లగొచ్చిన."

"ఎక్కు."

"ఏం మొక్కు?"

"బండి మీదికెళ్లి వడ్డ, కాలు బాగైంది."

"ఎక్కు."

తర్వాత గంగామణక్క. ఎర్ర చీర, నెత్తిన బోనం, బోనం మీద దీపం. గాలికి దీపం ఆరకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం మొక్కు?" అన్నాడు రత్నాకర్ అన్న, నవ్వు ఆపుకుంటూ.

"మొక్కు లేదు. నేనే."

"ఇగ జరుగు."

ఆమె జరగలేదు. అప్పుడు గుంపులో ఎవడో ఫోన్ పైకెత్తి నా వాయిస్ పెట్టాడు. నేను మొగోన్ని. గది మొక్కు. మొక్కు లేనోళ్లు కోక కట్టుడు మన ఆచారం గాదు. గోదావరి మీద నా లావు గొంతు. జనం ఈలలు వేశారు. గంగామణక్క ఫోన్ వైపు చూడలేదు, దీపం వైపే చూస్తోంది.

అక్కకు వీడియో కాల్ చేశాను. ఎత్తదనుకున్నాను. నడుముకు దోపిన ఫోన్ తీసి ఎత్తింది.

మతీన్ భాయ్ పక్కనే ఉన్నాడు, తెలుగు తెలిసిన మనిషి. లేచి అవతలికి పోవచ్చు. కోపంలో ఆ సంగతి మరిచానని రాసుకోవచ్చు. మరవలేదు.

"అక్కా, స్పీకర్ల వెట్టి ఫోన్ పైకి లేపు." లేపింది. "అన్నా, నన్నడుగు."

"ఎవడు? జలంధరా? ఏమైందిరా?"

"నన్నడుగు, ఏం మొక్కని. ఇన్నేండ్లు కట్టిన గద కోక. అడుగు!"

"పిచ్చి లేసిందారా? ఫోన్ వెట్టెయ్."

"అడగకున్నా జెప్త. వీసా మొక్కు అబద్ధం. జరం మొక్కు అబద్ధం. ఇమానం ఊగుడు అబద్ధం. గ్రూపుల మాట్లాడింది అన్నిట్ల పెద్ద అబద్ధం. నా పేరు సుహాసిని. మొక్కు లేదు, నేనే. అక్కను ఎక్కనియ్యకుంటే నేనెత్తిన బోనాలన్ని గూడ మైలే. మీరందరు గా ప్రసాదమే తిన్నరు. ఇగ ఏం జేసుకుంటరో జేసుకోండ్రి!"

డప్పులు ఆగిపోయాయి. పెదనాయన గొంతు లాంటిది ఏదో వినబడింది. అంతలో సిగ్నల్ పోయింది.

నేను అరిచిన అరుపుకు చేపలు దింపేవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. మతీన్ భాయ్ చాయ్ గ్లాసు కేసే చూస్తున్నాడు. చాయ్ చల్లారి పైన మీగడ కట్టింది. దాన్ని పారబోసి లేచాడు.

"యల్లా, పోదాం" అన్నాడు. పనిముట్లన్నీ తనే వ్యాన్‌లో పెట్టాడు. ఎప్పుడూ పెట్టడు. స్టోర్‌లో పనిచేసే బంగ్లాదేశ్ అతను కూడా దోహా దాకా వస్తానన్నాడు.

"ఆగే కౌన్ బైఠ్తా?" అని అడిగాడు మతీన్ భాయ్, ముందు సీటు తలుపు తీసి.

"మై బైఠ్తీ హూఁ" అన్నాను. ఈసారి జారలేదు.

నోరు తెరిచాడు. మూశాడు. దిద్దలేదు.

దోహాలో నన్ను దింపేటప్పుడు తెలుగులో, నా మొహం చూడకుండా, "ఫోన్ సాఫ్ జేస్కో. రూముల భద్రం" అన్నాడు. అది దయో బెదిరింపో తెలియదు. దిద్దలేదంటే అర్థమైందన్న మాట. అర్థమైన మనిషి రేపు ఆఫీసులో ఏం చెబుతాడో అల్లాకే ఎరుక.

ఫిబ్రవరి 13, గురువారం

అక్క ఫోన్ చేసింది. దాటిందట.

"రత్నాకర్ ఎక్కనియ్యలే. మీ పెదనాయిన కుంటుకుంట వచ్చి పాత పడవ ఇప్పిండు. 'అడగాలె, జెప్పాలె, గంతే మన ఆచారం. గిట్లనే జెప్పాలెనని యాడున్నదిరా?' అని కొడుకును తిట్టిండు. దీపం ఆరలేదే సుహాసినీ." ఆ వెంటే, "నీకేమైతదే ఆడ?" అంది.

"ఏం గాదక్కా" అన్నాను. అబద్ధమే. ఆమెకు ఇంకొక్క అబద్ధం చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

గ్రూపులోంచి నన్ను తీసేశారు. తిరుమల్‌కు అంతా తెలిసింది. తన ఫోన్‌లో వీడియో నా ఎదురుగానే చెరిపేశాడు. తర్వాత తన మంచం నాకు దూరంగా గోడ వైపు జరుపుకున్నాడు. రెండూ వాడే చేశాడు. ఏది అసలు వాడో అడిగే ఓపిక నాకు లేదు.

అపూర్వకు మెసేజ్ పెట్టాను. నా మాటలు ఉంచు, పేరు ఉంచు. కానీ జాతర అయిపోయాక రేవుకు పో, అక్క ముందు నుంచి ఖాళీ పడవ పోవడం తియ్యి. డప్పులు ఆగాక సినిమా మొదలుపెట్టు. అది లేకపోతే నేనూ లేను.

కంపెనీ ఆఫీసుకు ఆదివారం రమ్మని కబురు. ఎందుకో చెప్పలేదు. మతీన్ భాయ్ ఫోన్ ఎత్తడం లేదు. సంచి సర్దాలా వద్దా? సర్దితే భయపడ్డట్టు. సర్దను.

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకూడదు. రాసిందంతా మొదటి నుంచి చదువుకున్నాను. వచ్చాను, పోయాను, అన్నాను, పెట్టాను. ఎంత జాగ్రత్తో! ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట దగ్గరికి రాగానే చుట్టు తిరిగి పోయేదాన్ని.